విరామ సంవత్సరము: అప్పులేని యాత్ర

ప్రతి సంవత్సరము ఏప్రిలు నెలలో ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడగానే, మన పూర్వవిద్యార్థుల యిండ్లలో "ఇక ముందేమి?" యను ప్రశ్న వినవచ్చును. దానికి ప్రత్యుత్తరము సాధారణముగా సిద్ధముగానే యుండును: ఇంజనీరింగు, లేదా డిగ్రీ, లేదా మఱియొక పరీక్షకు శిక్షణ. అయితే యిటీవల పై తరగతులవారు మమ్ము వేఱొక ప్రశ్న యడుగుచున్నారు. "మాస్టారూ, కాలేజీలో చేరకముందు ఒక సంవత్సరము ఆగి పైదేశములు చూచి రాకూడదా అండీ?" అని. చేతిలోని ఫోనులో పరదేశపు బాలబాలికలు వీపున సంచి తగిలించుకొని కొండలెక్కుచున్న బొమ్మలు వీరు ప్రతిదినము చూచుచున్నారు. ఆంగ్లమున దీనిని గ్యాప్ ఇయర్ అందురు. మేము విరామ సంవత్సరమని వ్యవహరింతుము.

ఈ ప్రశ్నను విని నవ్వి పంపివేయుట ఉపాధ్యాయధర్మము కాదు. "పోవచ్చును" అని వెన్నుతట్టి ఊరకుండుటయు ధర్మము కాదు. మా యభిప్రాయము ముందే చెప్పుచున్నాము. సామాన్యకుటుంబములోని బిడ్డ విదేశయాత్ర చేయవచ్చును. చేయుట మేలు కూడను. కాని ఆ యాత్ర తాను సంపాదించిన సొమ్ముతో జరుగవలెను. ఒక్క రూపాయి యప్పుతో జరుగరాదు. ఈ నియమమును పాటించినచో మిగిలిన ప్రశ్నలు, అనగా ఏ దేశము, ఎన్ని దినములు, ఏ బస అనునవి, తమంతట తామే తేలిపోవును.

యౌవనమున దేశాటనము చేయు నాచారము ఐరోపాలో రెండు విధములుగ పెరిగినది. పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో ఇంగ్లండులోని ప్రభువుల కుమారులు ఉపాధ్యాయుని వెంటబెట్టుకొని ఫ్రాన్సు, ఇటలీ దేశములు తిరిగివచ్చెడివారు. అది తండ్రి సొమ్ముతో జరిగిన యాత్ర. రెండవది జర్మనీలోని పనివారి యాచారము. వడ్రంగము, తాపీపని మొదలగు వృత్తులు నేర్చి పరీక్షలో నెగ్గిన యువకుడు మూడు సంవత్సరముల యొక దినము స్వగ్రామమునకు 50 కిలోమీటర్లలోపు అడుగుపెట్టక, ఊరూర పని చేసికొనుచు తిరుగును. నల్లని దుస్తులు, వెడల్పు టోపీ, చేతికఱ్ఱ వాని గుర్తులు. వాని చేతిలో నొక పుస్తకముండును. పని యిచ్చిన యజమానులు అందులో తమ సాక్ష్యము వ్రాసి యిత్తురు. శతాబ్దముల నాటి యీ యాచారమును నేటికిని పాటించువారు కలరు. బయలుదేరునప్పుడు జేబులో నైదు యూరోలుండును. తిరిగి వచ్చునప్పుడును ఇంచుమించు అంతే యుండవలెనని సంప్రదాయము. ధనార్జనకు గాక అనుభవార్జనకు పోయితినని దాని భావము.

ఈ యాచారములో మమ్మాకర్షించినది దుస్తులు కావు, నియమములు. అట్లు బయలుదేరువాడు ముప్పది యేండ్లలోపువాడు, అవివాహితుడు, ఋణములేనివాడు అయి యుండవలెను. అప్పుగలవానికి బాటపట్టు నధికారము లేదు. బీదవానికి దేశాటనము తగదని యా పనివారనలేదు, ఋణగ్రస్తునికి తగదనిరి. ఈ భేదమును మన తలిదండ్రులును విద్యార్థులును బాగుగా గుర్తింపవలెను.

ఏలయన నేడు అప్పు పుట్టుట మిక్కిలి సులభము. వెనుక అప్పు కావలెనన్న షావుకారు గడప త్రొక్కవలసియుండెను. ఇప్పుడది ఫోనులో నిమిషములలో దొరకును. డిసెంబరు 2020లో ఇట్టి అప్పుల వసూలుదారుల వేధింపులకు తాళలేక తెలంగాణమున కొందరు ప్రాణములు తీసికొనిరి. "ముందు యాత్ర, పిమ్మట వాయిదాలు" అను ప్రకటనలు కుఱ్ఱవానికి తీపిగా దోచును. యాత్ర నెలలో ముగియును. వాయిదాలు కాలేజీ మెట్లవఱకు వెంటవచ్చును.

ఇక దేశము నేర్పరచుకొనుట. పరదేశపు బాలురు చూపు బొమ్మలలో చెప్పబడని విషయ మొకటి కలదు. వారి పాస్‌పోర్టునకు తెరచుకొను ద్వారములన్నియు మన పాస్‌పోర్టునకు తెరచుకొనవు. బ్రిటనులో రెండేండ్లు నివసించి పనిచేయుటకు మన యువజనులకు వీలు కల్పించు పథకము 2023 ఫిబ్రవరిలో మొదలైనది. దానికి 18 నుండి 30 ఏండ్లలోపు వయస్సుతోపాటు పట్టభద్రుడై యుండుటయు, చేతిలో 2,530 పౌనుల నిల్వయు కావలెను. అంతయు నున్నను ఎంపిక చీట్ల వలన జరుగును. ఆస్ట్రేలియా 2024లో మనవారికి సంవత్సరమునకు 1,000 చొప్పున అట్టి వీసాలు ప్రకటించినది; అదియు చీట్ల యెంపికయే. ఐరోపాలోని షెంజెను దేశములకు వీసా రుసుము 2024 జూనునుండి 90 యూరోలు. దానితోపాటు 30,000 యూరోలకు తక్కువకాని వైద్యభీమా చూపవలెను. దరఖాస్తు త్రోసివేయబడినచో ఆ రుసుము తిరిగి రాదు. ఇంటర్మీడియేటు ముగించిన పిల్లవానికి ఇవి మొదటి మెట్లు కావు. పట్టభద్రుడైన పిమ్మట ఆలోచింపవలసినవి.

అయినచో మొదటి మెట్టేది? పొరుగింటి వాకిలియే. నేపాళమునకు పోవుటకు భారతీయునికి వీసా యక్కరలేదు. పాస్‌పోర్టుగాని వోటరు గుర్తింపుకార్డుగాని చాలును. విమానమున పోవువాడు పదునెనిమిదేండ్లవాడైనచో ఆధారు కార్డు చెల్లదని మఱువరాదు. మన 100 రూపాయలు అక్కడి 160 రూపాయలకు సమానము. ఈ లెక్క 1993నుండి మారలేదు. కనుక ఖర్చు లెక్కించుట సులభము. 2024 మార్చినుండి మన యూపీఐ చెల్లింపును అక్కడి కొన్ని దుకాణములలో నడచుచున్నది. అయినను కొండయూళ్లలో చేతిసొమ్మే దిక్కు.

త్రోవయు కఠినము కాదు. హైదరాబాదు ప్రాంతమునుండి బీహారులోని రక్సౌలువఱకు రైలు కలదు; అచ్చట సరిహద్దు దాటిన బీర్‌గంజి, అటుపైన ఖాట్మండునకు బస్సు. బీహారులోని జయనగరమునుండి జనకపురమునకు 2022 ఏప్రిలు 2వ తేదీ మొదలు బ్రాడ్‌గేజి రైలు నడచుచున్నది. సీత పుట్టినిల్లని మన పల్లెలలో ముసలివారు చెప్పుకొను మిథిల యదియే. ఉత్తరప్రదేశములోని సునౌలి దాటినచో లుంబినీ దగ్గఱ. అచ్చట 1896లో బయల్పడిన అశోకుని స్తంభమును, అమరావతిని చూచిన తెలుగు విద్యార్థి చూడవలసిన రీతి వేఱు. నేర్చిన పాఠమునకు మొదటి పుట దొరకినట్లుండును.

సింహళము రెండవ మెట్టు. నాగపట్టణమునుండి కాంకేసంతురైకి 2023 అక్టోబరు 14న ఓడప్రయాణము తిరిగి యారంభమైనది. నడుమ నాగి 2024 ఆగస్టులో మరల సాగినది. సముద్రము పొంగు ఋతువున నిలిచిపోవుచుండును. దానికి పాస్‌పోర్టును, అంతర్జాలముద్వారా ముందుగా పొందు ననుమతియు కావలెను. నాగార్జునకొండ శాసనమున సింహళవిహారము పేర్కొనబడినది. పదునేడు వందల యేండ్ల క్రిందటనే ఆ ద్వీపవాసులకు కృష్ణాతీరము తెలియునన్నమాట. భూటానుకును మనకు వీసా యక్కరలేదు. కాని 2022 సెప్టెంబరునుండి భారతీయులు రాత్రికి 1,200 రూపాయల సుంకము చెల్లింపవలెను. నలుబది రాత్రులకు సుంకమే 48,000 అగును. దగ్గఱదేశమన్నంతనే చవుకదేశము కాదు. లెక్క వేసినగాని తెలియదు.

ఇప్పుడు లెక్కకు వత్తము. ఊహకొఱకు ఒక యుదాహరణము తీసికొందము. పదునెనిమిదేండ్లు నిండిన యొక విద్యార్థి జూను మొదలు ఫిబ్రవరివఱకు తొమ్మిది నెలలు దుకాణములోనో, ముద్రణాలయములోనో, చిన్నపిల్లలకు పాఠములు చెప్పియో పనిచేసి, నెలకు 8,000 రూపాయలు దాచెననుకొందము. మొత్తము 72,000. ఇందులో నాలుగవ వంతు, అనగా 18,000, ముట్టరాని సొమ్ము. అది యింటికి తిరిగి వచ్చుటకును, జబ్బునకును, ఆపదకును మాత్రమే. మిగిలినది 54,000. ఇందు పాస్‌పోర్టు రుసుము 1,500. రైలు, బస్సు రాకపోకలకు 4,500. వైద్యభీమాకును మందులకును 3,000. బూట్లు, సంచి, చలిదుస్తులకు 5,000 అనుకొందము. కలిపి 14,000. ఇక చేత నుండునది 40,000. దినమునకు బసకు, భోజనమునకు, ఊరితిరుగుడునకు 1,000 రూపాయలు కేటాయించినచో సరిగా నలుబది దినములు.

ఈ లెక్క చూచి కొందఱు నిరుత్సాహపడుదురు. తొమ్మిది నెలలు పనియా, నలుబది దినములు యాత్రయా యని. మా దృష్టిలో విరామ సంవత్సరముయొక్క సారమంతయు నిందే యున్నది. ఆ తొమ్మిది నెలలలో పిల్లవాడు సమయమునకు హాజరగుట, పైవాని మాట పడుట, కొనుగోలుదారునితో నోర్పుగ మాటలాడుట, జీతమునందుకొని ఖర్చుపెట్టక నిలుపుకొనుట నేర్చును. తాను రూపాయి యెట్లు వచ్చునో యెఱిగినవాడు గనుక పరదేశమున దానిని పాఱవేయడు. తండ్రి సొమ్ముతో పోయినవానికి నలుబది దినములు విహారము. స్వార్జితముతో పోయినవానికి అవి జీతముతో కొన్న దినములు. ఒక్కొక్క దినము విలువ వానికి తెలియును.

నెలకు 8,000 దాచలేనివారి మాట యేమి? 3,000 దాచగలిగినవాడు 27,000తో తక్కువ దినములు పోవును. జనకపురమువఱకు పోయి పదిదినములలో తిరిగివచ్చినను సరిహద్దు దాటిన యాత్రయే. బిడ్డ సంపాదన లేనిదే పొయ్యి వెలుగని యిండ్లును మన పాఠశాలవారిలో కలవు. అట్టి యింటి బిడ్డ యా సంవత్సరము యాత్రకు పోరాదని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము. ఆ బిడ్డకు యాత్ర నిషిద్ధము కాదు, వాయిదా పడినది. ముప్పదియేండ్లవఱకు యౌవనమే.

తక్కువ ఖర్చున బస యెట్లు దొరకునని యడుగువారికి ఒక ఉపాధ్యాయుని కథ చెప్పవలెను. 1909 ఆగస్టులో రిచర్డు షిర్మాన్ అను జర్మను బడిపంతులు తన విద్యార్థులతో కాలినడకను పోవుచుండగా తుఫానులో చిక్కుకొనెను. ఒక పల్లెబడిలో చోటు దొరకి, గడ్డిమీద ఆ రాత్రి గడచెను. సెలవులలో బడులన్నియు నిట్లు బాటసారులైన పిల్లలకు బసలు కాకూడదా యని యప్పుడాయనకు దోచెను. అట్లు పుట్టినవే యూత్ హాస్టళ్లు. ఆల్టెనా పట్టణపు కోటలో మొదటి స్థిరమైన హాస్టలు 1912లో వెలసినది. ఒకే గదిలో పలు మంచములు, ఉమ్మడి వంటయిల్లు, మన పడక మనమే సర్దుకొనుట యను పద్ధతి యక్కడినుండి లోకమంతట వ్యాపించినది. మన దేశమునను యూత్ హాస్టల్సు అసోసియేషను కలదు. పైదేశమునకు పోవుటకు ముందు మన రాష్ట్రములోనే యట్టి బసలో నాలుగు రాత్రులు గడపి చూచుట మంచిది. పదిమంది గుఱక నడుమ నిద్రపట్టనివానికి ఆ సంగతి విశాఖపట్టణములో తెలియుట ఖాట్మండులో తెలియుటకంటె చవుక.

తలిదండ్రుల భయము మాకు తెలియును, అది నిష్కారణమనము. సెప్టెంబరు 2025లో ఖాట్మండునగరమున యువజనుల యాందోళన చెలరేగి ప్రభుత్వము పడిపోయెను, విమానాశ్రయము మూతబడెను. అచ్చట చిక్కుకొనిన తెలుగు యాత్రికులు వందమందికి పైగా ప్రత్యేకవిమానమున తిరిగి వచ్చిరి. ఇట్టిది ముందుగ నెవ్వరికి తెలియును? అందుకే ముట్టరాని సొమ్ము. అందుకే ప్రతిదినము నిర్ణీతసమయమున ఇంటికి మాట పంపవలెను. భారత రాయబార కార్యాలయపు చిరునామా, ఫోను సంఖ్య కాగితముమీద వ్రాసి దగ్గఱ నుంచుకొనవలెను. జూనునుండి సెప్టెంబరువఱకు వర్షములచే కొండదారులు విరిగిపడుచుండును గనుక మార్చిలోనో, అక్టోబరు నవంబరులలోనో యాత్ర పెట్టుకొనవలెను.

దీనికంటె పెద్ద ఆపద మఱొకటి కలదు. యాత్ర పేరున పనికి, పని పేరున చెఱకు కొనిపోవు దళారుల వల యది. 2022నుండి ఆగ్నేయాసియాలో ఉద్యోగములని యాశచూపి, విహారవీసాపై కొనిపోయి, పాస్‌పోర్టు లాగికొని, ఫోను మోసములు చేయించు ముఠాలు మన యువకులను పట్టినవి. 2024లో కంబోడియాకు అట్లు పంపబడిన యువకుల విషయమున విశాఖపట్టణపు పోలీసులు కేసులు పెట్టిరి. మార్చి 2025లో మయన్మారు సరిహద్దునుండి 549మంది భారతీయులను ప్రభుత్వము రెండు విమానములలో వెనుకకు తెచ్చినది. వారిలో తెలుగువారును కలరు. 

కాబట్టి మా విద్యార్థులు మూడు మాటలు గుర్తుంచుకొనవలెను. విహారవీసాపై ఉద్యోగమిత్తునన్నవాడు అబద్ధమాడుచున్నాడు. పాస్‌పోర్టును దాచిపెట్టెదనన్నవానికి ఇయ్యరాదు. టిక్కెట్టు సొమ్ము తానే పెట్టుదునన్న అపరిచితుడు దానికి పదింతలు రాబట్టుకొనువాడు. విదేశపు ఉద్యోగమునకు నిజముగా పోవువారు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో దళారి పేరున్నదో లేదో చూచుకొనవలెను. పదవ తరగతి నెగ్గినవారికి ఎమిగ్రేషను తనిఖీ యక్కరలేని పాస్‌పోర్టు లభించును. అది గౌరవమే; కాని తనిఖీ లేదనగా మన జాగ్రత్త మనమే పడవలెనని యర్థము.

ఆడపిల్లల మాట చెప్పక విడుచుట న్యాయము కాదు. అన్నను పంపి చెల్లెలిని ఆపు నాచారమును మేము సమర్థింపము. ముగ్గురు నలుగురు స్నేహితురాండ్రు కలిసి, స్త్రీలకే ప్రత్యేకించిన గదులుగల బసలు ముందుగ కుదుర్చుకొని, చీకటిపడకముందే ఊరుచేరునట్లు ప్రయాణములు వేసికొనినచో అది సాధ్యమే. దినమునకు రెండువందలు ఎక్కువ ఖర్చగునేమో. అంతమేర దినములు తగ్గించుకొనవచ్చును. లెక్క చెప్పగలిగిన కుమార్తెకు అనుమతి నిరాకరించు తండ్రి, లెక్క చెప్పలేని కుమారునికి దాని నిచ్చుటలో న్యాయమెక్కడిది?

"సంవత్సరము వృథా యగును" అను మాట కడపటిది. దానికి ప్రత్యుత్తరము ఏర్పాటులో నున్నది. బయలుదేరకముందే, తిరిగివచ్చిన పిమ్మట ఏ కళాశాలలో, ఏ పరీక్షద్వారా చేరవలెనో నిశ్చయించుకొనవలెను. కొన్ని కళాశాలలు నడుమ విరామమునకు గ్యాప్ సర్టిఫికెట్టు కోరును. అది ముందుగ కనుగొనవలెను. మార్కుల పత్రములు ఇంట భద్రపఱచి నకళ్లు మాత్రమే వెంటగొనిపోవలెను. మార్చి మొదట బయలుదేరినవాడు ఏప్రిలు నడుమకు ఇల్లు చేరును. తరువాతి చేరికల కది వేళకు వచ్చుటయే. తిరిగివచ్చు తేదీ లేని యాత్రకు మేము సమ్మతింపము.

మఱి, పోయివచ్చినదానికి గుర్తేమి? బొమ్మలు కాదు, పుస్తకము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేనెలలో కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. మజిలీ మజిలీకి గల దూరము, ఏ యూర నే వస్తువులు దొరకునో, ఎక్కడ బస చేయవచ్చునో వ్రాసికొని మిత్రునికి పంపుచుండెను. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర తరువాత పోవువారికి దారిచూపినది. మన విద్యార్థియు ఒక చిన్న చిట్టాలో ఎడమపుటను ఆ దినపు ఖర్చును, కుడిపుటను ఆ దినము చూచినదానిని వ్రాయవలెను. అట్టి పుస్తకములు నాలుగు మన పాఠశాల గ్రంథాలయమున చేరినచో, వెనుక తరగతులవారికి వేఱు మార్గదర్శి యక్కరలేదు.

ఇప్పుడు పదవ తరగతిలో నున్నవారికి పదునెనిమిదవ యేడు రెండు మూడు సంవత్సరముల దూరమున నున్నది. వారికి నేడు కావలసినది టిక్కెట్టు కాదు. తపాలా కార్యాలయములో గాని బ్యాంకులో గాని తమ పేర నొక పొదుపు ఖాతాయు, అణాపైసలతో సహా నిజము వ్రాయబడిన యొక జమాఖర్చు పుస్తకమును. ఆ పుస్తకమును తలిదండ్రులకు సంకోచములేక చూపగలిగిననాడు యాత్రకు అనుమతి యడుగవచ్చును. ఆనాడు తలిదండ్రులును కాదనరాదని మా మనవి.